నోర్మా పేరు మీద పోయిన ఏడాది

ఆ రోజు ఫిదేలా కాలేజీకి వెళ్ళింది తన పని మీద కాదు. పెద్దమ్మాయి యారెలీ హైస్కూలు పూర్తిచేసి కాలేజీలో పేరు రాయించుకుంటుంటే తోడు వెళ్ళింది. కిటికీ అవతల కూర్చున్న ఆవిడ యారెలీని రెండు ముక్కలు అడిగి, కంప్యూటర్లో ఏదో నొక్కి, అయిపోయిందమ్మా అంది. అంత తేలిగ్గా అయ్యేసరికి ఫిదేలాకు ధైర్యం వచ్చింది. పసిపిల్లల్ని చూసుకునేవాళ్ళకు ఇక్కడ ఒక చదువు ఉందట, అందులో నేనూ చేరొచ్చేమో అడుగు అని కూతురి మోచేయి పట్టుకుని గొణిగింది.

ఆ కోరిక ఆమెకు కొత్తది కాదు. స్ట్రాబెర్రీ చేలల్లో వంగి వంగి మోకాళ్ళు పోయాయి. ఆ తరవాత చేరిన కూలర్‌లో, కోసిన పళ్ళ పెట్టెల్ని చల్లబరిచే ఆ మంచుగదుల్లో, వేళ్ళు పోతున్నాయి. తెల్లవారుజామున చేలకు పోయే తల్లులు పిల్లల్ని ఆమె గరాజులో దింపి పోవడం ఎప్పటినుంచో ఉన్నదే. ఆ పిల్లలకు స్పానిష్ కూడా సరిగా రాదు, ఇంట్లో మాట్లాడే మిక్స్‌తెక్ ఒక్కటే వచ్చు. అది వచ్చిన టీచరు ఈ సాంటా మరియా ఊళ్ళో ఎంతమంది ఉన్నారని? కాస్త చదువుకుంటే ఇదే పని లైసెన్సుతో, తలెత్తుకుని చేసుకోవచ్చు.

కిటికీ ఆవిడ అడిగింది, ఫిదేలా చెప్పింది. ఎక్కడ ఉంటారు? ఇక్కడే, ఈ ఊళ్ళోనే. ఎన్నాళ్ళ నుంచి? ఈ పిల్ల పుట్టకముందు నుంచి. వీసా ఏది? అది లేదు. ఆవిడ ముఖం మారలేదు, గొంతూ మారలేదు. అయితే మిమ్మల్ని బయటి రాష్ట్రం వాళ్ళ లెక్కలో రాసుకోవాలి, ఫీజు ఏడెనిమిది రెట్లు ఉంటుంది అని చెప్పింది.

ఇంటికి తిరిగి వస్తూ ఫిదేలా కారు అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. పొద్దుటి మంచు ఇంకా విడలేదు. చేల మీద పరిచిన ప్లాస్టిక్ తెల్లగా మెరుస్తోంది. ఆ చేలల్లో ఆమె పళ్ళు కోయని వరస లేదు.

"ఒకే ఇంట్లో ఉంటున్నాం కదే," అంది చివరికి. "నువ్వేమో ఇక్కడిదానివి, నేనేమో బయటిదాన్ని. మధ్యలో గోడైనా లేదు."

"అది ఇల్లు చూసి చెప్పేది కాదమ్మా."

"మరి ఏం చూసి చెబుతారు?"

యారెలీకి తెలియదు. తెలియదని ఒప్పుకోవడం ఆ పిల్లకు అలవాటు లేదు గనక రేడియో పెట్టింది.

ఫిదేలా పుట్టింది సరిహద్దు అవతల ఒహాకా కొండల్లో, సాన్ మార్తీన్ పేరాస్ దగ్గర ఒక పల్లెలో. మూడో తరగతితో బడి ఆగిపోయింది. పంతొమ్మిదో ఏట మొగుడు అబుందియో వెంట సరిహద్దు దాటి వచ్చింది. స్పానిష్ నేర్చుకున్నదే ఇక్కడి చేలల్లో, మేస్త్రీల తిట్లు విని. ఇంగ్లీషు నేర్చుకోవాలనిపించింది యారెలీ మూడో తరగతిలో ఉన్నప్పుడు. పిల్ల ఇంటిపని తెచ్చి ముందు పెట్టి, అమ్మా ఇది చెప్పు అంది. తనూ అక్కడే ఆగిపోయానని ఫిదేలాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఏడాది నుంచి పెద్దల బడికి పోయింది. మధ్యలో చిన్నవాడు పుట్టాడు, అత్త పోయింది, మహమ్మారి వచ్చింది. ఆగింది, మళ్ళీ పోయింది. కిందటేడు హైస్కూలుకు సమానమైన పరీక్ష కూడా ప్యాసయింది. ఆ సర్టిఫికెట్టు ఫ్రేము కట్టించి గ్వాదలూపె మాత పటం కింద పెట్టింది అబుందియోయే.

కాలేజీలో ఆమెలాంటి వాళ్ళ కోసమే ఒక గది ఉందని నాలుగు రోజుల తరవాత యారెలీ కనుక్కొచ్చింది. అక్కడ ఇసౌరా అని ఒకావిడ ఉంటుంది. కాగితాలు లేని పిల్లలకు దారి చూపించడం ఆవిడ ఉద్యోగం. ఫిదేలా చెప్పినదంతా విని ఇసౌరా నవ్వింది. కిటికీ దగ్గర చెప్పింది అబద్ధం కాదు గానీ అది సగమేనంది. ఈ రాష్ట్రంలో మూడేళ్ళు చదివి, ఇక్కడే హైస్కూలు గానీ దానికి సమానమైనది గానీ పూర్తిచేసిన వాళ్ళు, కాగితాలు ఉన్నా లేకపోయినా, ఇక్కడి వాళ్ళ ఫీజే కట్టొచ్చు. పెద్దల బడిలో కూర్చున్న గంటలు కూడా ఆ మూడేళ్ళలో కలుస్తాయి.

"మీకు పరీక్ష ఉంది, బడి ఉంది. ఆ బడి నుంచి హాజరు పట్టీ తెప్పిస్తే చాలు," అంది ఇసౌరా. "ఒక ప్రమాణ పత్రం మీద సంతకం పెడతారు, అయిపోతుంది."

"అప్పుడు నేను ఇక్కడిదాన్ని అయిపోతానా, మేడమ్?"

"ఫీజు వరకు."

ఫిదేలాకు అది పూర్తిగా అర్థం కాలేదు. అయినా ఆ సాయంత్రం సంతోషంగా, పండగలకు చేసే మోలే కూర వండింది. పండగా పబ్బమా అని అబుందియో అడిగితే నవ్వి ఊరుకుంది.

హాజరు పట్టీ వచ్చింది. అందులో రెండేళ్ళే ఉన్నాయి.

ఇసౌరా దాన్ని అటూ ఇటూ తిప్పి, మీరు మొదలుపెట్టింది ముందు కదా, మొదటి ఏడాది ఏది అని అడిగింది. ఆ ఏడాది ఎక్కడ ఉందో ఫిదేలాకు తెలుసు. తెలిసీ ఇన్నాళ్ళూ తలుచుకోలేదు. ఆలోచించుకుని వస్తానని చెప్పి లేచింది.

కూలర్‌లో ఆమె పేరు ఫిదేలా కాదు. అక్కడ ఆమె నోర్మా.

అసలు నోర్మా వేరే ఉంది. అబుందియో అన్నగారి భార్య, ఫిదేలాకు తోడికోడలు. నోర్మా తల్లిదండ్రులు కూడా ఒకప్పుడు స్ట్రాబెర్రీలు కోయడానికి వచ్చినవాళ్ళే. ఆ రోజుల్లో సరిహద్దు ఇవతల, ఆక్స్‌నార్డ్ ఊళ్ళో పుట్టింది. చంకబిడ్డగా ఉండగానే కొండల్లోకి తీసుకుపోయారు. పెళ్ళయ్యాక మళ్ళీ వచ్చింది. కాబట్టి ఆమె ఈ దేశపు మనిషి. ఎప్పుడూ బడికి పోలేదు, ఇంగ్లీషు ముక్క రాదు, అయినా కాగితం ఉంది. ఫిదేలా కూలర్‌లో చేరేటప్పుడు ఆ కాగితం ఇచ్చింది. చలికాలం పళ్ళు లేనప్పుడు ప్రభుత్వమిచ్చే భృతి నోర్మా పేరు మీద నోర్మా ఇంటికే వచ్చేది. అది నువ్వు ఉంచుకో అక్కా అని ఫిదేలా అనేది. ఊళ్ళో చాలా ఇళ్ళలో ఉన్న ఏర్పాటే అది. ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు.

పెద్దల బడివాళ్ళు ఇంగ్లీషు క్లాసు మొదట పెట్టింది ఆ కూలర్ భోజనాల గదిలోనే. షిఫ్టు అయ్యాక దుత్రా మాస్టారు అట్టపెట్టెలో పుస్తకాలు వేసుకుని వచ్చేవాడు. పేర్లు రాసుకునే రోజు మేస్త్రీ గుమ్మంలో నిలబడి కాఫీ తాగుతున్నాడు. ఫిదేలా వంతు వచ్చింది. నోర్మా అని చెప్పింది. ఆ తరవాత బడి భవనంలో క్లాసులకు పోయినప్పుడు మేస్త్రీ లేడు గనక ఫిదేలా అనే చెప్పింది. ఆ రెండు పేర్లూ ఒక మనిషివేనని ఎవరూ కలపలేదు. కలపమని ఆమె అడగనూ లేదు.

ఆ రాత్రి అబుందియోతో చెబితే అతను బొటనవేలు గిల్లుకున్నాడు. ఎవరితోనూ అనకు, ఉన్న ఉద్యోగం పోతుంది అన్నాడు. కాసేపటికి, మాస్టారితో చెప్పు, ఆయన మంచివాడు అన్నాడు. ఇంకాసేపటికి మళ్ళీ మొదటి మాటకే వచ్చాడు. ఈ రెండింటిలో ఏది అతని సలహానో ఫిదేలాకు తేలలేదు.

ఇసౌరా దగ్గరికే మళ్ళీ వెళ్ళి, ఒకవేళ ఒక మనిషి ఒక చోట ఒక పేరు చెప్పి ఇంకో చోట ఇంకో పేరు చెబితే, అని మొదలుపెట్టింది. ఇసౌరా చెయ్యెత్తి ఆపింది. "మీ ఉద్యోగం సంగతి నాకు చెప్పొద్దు. నాకు కావలసింది బడి సంగతి. బడివాళ్ళు ఆ గంటలు మీవేనని రాసిస్తే నాకు చాలు." అది మంచిమాటో, తలుపు వేసెయ్యడమో ఫిదేలా పోల్చుకోలేకపోయింది. బస్సు స్టాపులో కూర్చున్నాక మంచిమాటే అనుకుంది.

దుత్రా మాస్టారు ఇంకా ఆ బడిలోనే ఉన్నాడు. వచ్చే ఏడు ఉద్యోగం నుంచి దిగిపోతాడట. ఫిదేలా తడబడుతూ మొదలుపెట్టగానే ఆయన పక్క గదిలోంచి ఒక కుర్చీ తెచ్చి వేశాడు.

"నాకు తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు మాస్టారూ?"

"నువ్వు నోర్మావి కావని. ఒకరోజు పిలిస్తే నువ్వు పలకలేదు. పక్కమ్మాయి పొడిస్తే గానీ చూడలేదు. తన పేరుకు పలకడానికి ఎవరికైనా అంతసేపు పడుతుందా?"

"మరి అప్పుడు ఎందుకు అడగలేదు?"

"నేను ఇంగ్లీషు చెప్పడానికి వచ్చాను. పేర్లు అడగడానికి కాదు."

రిజిస్టరులో పేరు తప్పు పడిందని ఒక దిద్దుబాటు రాయొచ్చని, పై ఆఫీసువాళ్ళు తన సంతకం చూసి ఒప్పుకుంటారని ఆయన చెప్పాడు. ఇలాంటివి ఆ బడిలో కొత్త కాదట. ఆ ఏడాది మొత్తం ఫిదేలా కిందికి వస్తుంది, మూడేళ్ళు నిండుతాయి. అంతలోనే ఫిదేలాకు ఇంకొకటి గుర్తొచ్చింది.

ఆ ఏడాదే చిన్నవాడు పుట్టాడు. కాన్పుకు ఇంట్లో ఉండిపోతే మేస్త్రీ ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తాడు. అప్పుడు నోర్మాయే వచ్చింది. తన పేరు మీదున్న ఉద్యోగానికి తనే వచ్చి కొన్ని వారాలు పనిచేసింది. చలికి తలగుడ్డ, టోపీ, ముక్కుదాకా గుడ్డ, మనిషి మారిన సంగతి కళ్ళు చూసి ఎవరు పోల్చుకుంటారు? షిఫ్టు అయ్యాక క్లాసులోనూ కూర్చుంది. అంటే ఆ గంటలు నోర్మా పేరు మీద నోర్మా కూర్చున్న గంటలు. వాటిని తనవని ఎలా రాయడం? ఇసౌరా ఇచ్చే కాగితంలో, ఇందులో ఉన్నదంతా నిజమని ప్రమాణం చెయ్యాలి. పోనీ వదిలేద్దామంటే అవి ఎన్ని వారాలో ఆమెకు సరిగా గుర్తు లేదు. మాస్టారికీ గుర్తు లేదు.

ఆదివారం నోర్మా ఇంటికి పోయింది. నోర్మా వెనక వాకిట్లో పెద్ద పెనం పెట్టుకుని అప్పచ్చుల్లా గట్టి మొక్కజొన్న రొట్టెలు, టోర్టియాలు, కాలుస్తోంది. సంగతంతా విని పగలబడి నవ్వింది.

"అంటే ఇన్నాళ్ళూ నేను చదువుకున్నదాన్నే అన్నమాట. నాకు ఒక్కళ్ళూ చెప్పలేదు."

"నవ్వకు అక్కా. నాకేం చెయ్యాలో తోచట్లేదు."

"తోచకపోవడానికేముంది. మొత్తం నీదేనని రాయించుకో. నేనేం చేసుకుంటాను దాన్ని, ఉప్పేసుకుని తింటానా?"

"ప్రమాణం చెయ్యాలి."

"పదేళ్ళు నా పేరు పెట్టుకుని తిరిగినదానివి, ఇప్పుడొచ్చిందా నీకు ప్రమాణం?"

ఆ మాట ఫిదేలాకు గుచ్చుకుంది. నోర్మా చూసింది, కానీ వెనక్కి తీసుకోలేదు. వేడి టోర్టియా ఒకటి ఆమె చేతిలో పెట్టింది. తినేసి ఫిదేలా ఇంటికి వచ్చింది. నోర్మా సరేనంది గనక ఇక మాస్టారికి ఫోన్ చేసి మొత్తం రాసెయ్యమనాలి. చేద్దామని రెండుసార్లు ఫోను తీసింది. తన ఊళ్ళో అయితే ఇది ఎవరిని అడగాలో తెలిసేది, పెద్దలు కూర్చుని తేల్చేవాళ్ళు. ఇక్కడ ఎవరు పెద్ద? ఇసౌరా వినను అంటుంది, మాస్టారు ఏది చెబితే అది రాస్తానంటాడు, యారెలీ అందరూ చేసేదే కదమ్మా అంటుంది.

మర్నాడు సాయంత్రం నోర్మాయే ఫోన్ చేసింది. మొదట చిన్నవాడికి జలుబు తగ్గిందా అని అడిగింది. తరవాత అసలు సంగతికి వచ్చింది.

"ఫిదేలా, ఆ వారాలు ఇవ్వనులే."

"ఎవరికి?"

"నీకు. నువ్వు తీసుకోవద్దు. నా కింద ఉండనీ." గొంతు తగ్గించింది. "బడిలో నేను కూర్చున్నది నా జన్మలో ఆ కాసిని రోజులే. ఆయన నా చేత 'థర్స్‌డే' అనిపించాడు. నాలుక పళ్ళ మధ్య పెట్టమన్నాడు, అందరూ నవ్వారు. అది ఎక్కడో రాసి ఉందని నిన్న నువ్వు చెప్పేదాకా నాకు తెలియదు. రాత్రంతా నిద్ర పట్టలేదే."

ఫిదేలా సరే అక్కా అంది. ఫోను పెట్టేశాక వంటింట్లో నిలబడి, తనకు కోపం వచ్చిందా ఏడుపు వచ్చిందా అని చూసుకుంది. రెండూ కొంచెం కొంచెం ఉన్నాయి. కాలేజీ దూరం జరిగింది, అది మటుకు తెలుస్తోంది. కానీ నిన్నటినుంచి గుండె మీద ఉన్న బరువేదో లేదు.

తరవాతి వారం ఇద్దరూ కలిసి దుత్రా మాస్టారి దగ్గరికి వెళ్ళారు. ఆయన నోర్మాను చూసి, "నువ్వా, ఆ రెండో నోర్మావి," అన్నాడు. నోర్మా వెంటనే అందుకుని మొదటి నోర్మా నేనే, రెండోది ఇది అంది. చిన్నవాడు పుట్టిన రోజు, వాడి టీకాల కార్డు, ఫిదేలా కూలర్‌కు తిరిగి వచ్చిన రోజు, ఇవన్నీ పెట్టుకుని ముగ్గురూ ఆ వారాలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిశాయో తేల్చారు. మాస్టారు రెండు దిద్దుబాట్లు రాశాడు. ఒకదానిలో ఆ ఏడాదిలో ఎక్కువ భాగం ఫిదేలాదని, ఇంకోదానిలో మిగిలింది నోర్మాదేనని. "పేరు తప్పుగా నమోదైనది" అన్న మాట దగ్గర ఫిదేలా ఆగింది. తప్పుగా కాదు కదా మాస్టారూ, నేను చెప్పిందే కదా అంది. ఆయన పెన్ను నోట్లో పెట్టుకుని ఆలోచించి, ఆ కాగితంలో ఇంకో మాటకు చోటు లేదన్నాడు. చివరికి దాని కింద చిన్న అక్షరాలతో, విద్యార్థిని ఆనాడు ఈ పేరుతో పిలవబడింది అని చేర్చాడు. అది చదివించుకుని ఫిదేలా సంతకం పెట్టింది.

దాంతో మూడేళ్ళు నిండలేదు. కొంచెంలో తప్పింది. ఆ కొంచెం పూర్తిచెయ్యడానికి ఆగస్టులో యారెలీ కాలేజీకి పోతుంటే తల్లి మళ్ళీ పెద్దల బడికి పోయింది. ఈసారి పక్కన నోర్మా ఉంది. నోర్మా క్లాసులో అందరికన్నా గట్టిగా పలికేది, తప్పైనా సరే. ఒకరోజు బోర్డు మీద రాయమంటే లేచి వెళ్ళి తన పేరు ఒక్కటే రాసి వచ్చి కూర్చుంది. ఆమె పేరు ఇన్నేళ్ళూ తను రాసింది ఎన్నిసార్లో ఫిదేలా లెక్క పెట్టలేదు గానీ, ఆమె రాస్తుంటే చూడటం ఇదే మొదటిసారి. అక్షరాలు తనవిలా లేవు, పెద్దగా, పక్కకు ఒరిగి ఉన్నాయి. క్రిస్మస్ ముందు నోర్మాకు మనవరాలు పుట్టి ఆమె మానేసింది. మళ్ళీ వస్తానంది, ఇంకా రాలేదు.

జనవరికి ఫిదేలా గంటలు నిండాయి. ఇసౌరా ప్రమాణ పత్రం ముందు పెట్టింది. అందులో ఇంకో మాట ఉంది. వీలు చిక్కిన మరుక్షణం చట్టప్రకారం ఈ దేశంలో ఉండటానికి దరఖాస్తు పెట్టుకుంటానని మాట ఇవ్వాలి.

"ఎప్పుడు చిక్కుతుంది మేడమ్?"

"నాకు తెలియదు, ఫిదేలా గారూ. ఎవరికీ తెలియదు."

"తెలియనిదానికి మాట ఇవ్వొచ్చా?"

"దారి ఉంటే మీరు పెట్టుకోరా?"

"ఎందుకు పెట్టుకోను, ఇరవై ఏళ్ళ నుంచీ అదే కదా చూస్తున్నాను."

"అయితే ఇవ్వొచ్చు."

సంతకం పెట్టింది. వారంలో ఉత్తరం వచ్చింది. యారెలీ చదివి చెప్పింది. ఫీజు నిమిత్తం ఆమెను ఇక్కడి వాళ్ళతో సమానంగా చూస్తారు, కానీ ఆమె ఇక్కడి నివాసి అని దాని అర్థం కాదు. అబుందియో రెండోసారి చదివించుకున్నాడు. మూడోసారి నిదానంగా చదవమన్నాడు. ఇంతకీ ఇచ్చారా ఇవ్వలేదా అని అడిగాడు. ఇచ్చారు నాన్నా అంది యారెలీ. అలాగని ముందే చెప్పొచ్చుగా అని అతను టీవీ వైపు తిరిగాడు.

ఫిదేలా ఇప్పుడు ఒక్కో సెమిస్టరుకు ఒక్కో క్లాసు చేస్తోంది. ఏ గదికి వెళ్ళాలో మొదటి వారం తెలియక, పైప్ వెల్డింగ్ నేర్పే షెడ్డులో పావుగంట కూర్చుని వచ్చింది. పాఠం సగం అర్థమవుతుంది. మిగిలిన సగం యారెలీ చెబుతుంది, విసుక్కుంటూ. పళ్ళ కాలంలో కూలర్‌కు పోతూనే ఉంది, అక్కడ నోర్మా అని పిలిస్తే పలుకుతుంది. కాలేజీలో ఫిదేలా అని పిలిచినప్పుడు ఇప్పటికీ ఒక్క క్షణం పడుతుంది. గరాజులో పిల్లలు నలుగురయ్యారు. కిందటి శనివారం వాళ్ళలో ఒకణ్ణి తీసుకుపోవడానికి వచ్చిన తల్లి, అదే పల్లె మనిషి, నేనూ బడికి రావచ్చా, నా పేరు ఏమని చెప్పమంటావు అని అడిగింది. లోపలికి రా, కూర్చుని మాట్లాడుకుందాం అని ఫిదేలా మొక్కజొన్న జావ, అటోలే, పొయ్యి మీద పెట్టింది.